గేజి నుండి మిల్లీమీటరుకు: విద్యుత్ పేటికల రేకు మందం – ప్రమాణాల చరిత్ర

వ్యాస సంగ్రహం

పరిశ్రమలలో విద్యుత్ పరికరాలను భద్రపరిచే లోహపు పేటికలకు ఎంత మందం గల రేకు వాడాలన్నది పైకి చిన్న సాంకేతిక ప్రశ్నగా కనిపిస్తుంది. ఆ మందాన్ని తెలిపే సంఖ్యల వెనుక మాత్రం తీగలు లాగే కార్మికుని పనితనం, పన్నులు వసూలు చేసే ప్రభుత్వం, అగ్నిప్రమాద బీమా సంస్థలు, అంతర్జాతీయ ప్రమాణ సంఘాలు అనే నాలుగు వేర్వేరు అధికార కేంద్రాలు ఉన్నాయి. ‘గేజి’ అనే మాట ఈ నాలుగింటి చేతులలో ఎలా మారిందో, మిల్లీమీటరు వచ్చిన తరువాత కూడా ఎందుకు నిలిచిందో పరిశీలించడం, పేటిక దృఢత్వానికి మందమొక్కటే హామీ కాదని చారిత్రకంగా నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: గేజి, కమ్మచ్చు, రేకు మందం, విద్యుత్ పేటిక, ప్రమాణీకరణ, పారిభాషిక పదం

1. ప్రవేశిక

బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడల్లోని రేకు పనిశాలల్లో ‘పద్నాలుగు గేజి రేకు’, ‘పదహారు గేజి రేకు’ అనే మాటలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ఈ వ్యవహారంలో ఒక తిరకాసు ఉంది. సంఖ్య పెరిగిన కొద్దీ రేకు పలుచనవుతుంది. పద్నాలుగు గేజి దళసరి, పద్దెనిమిది గేజి పలుచన. ఇదే మాట రైలు మార్గాల విషయంలో పట్టాల మధ్య దూరాన్ని తెలుపుతుంది. అక్కడ పెద్ద గేజి అంటే ఎక్కువ వెడల్పు. ఒకే ఆదాన పదం రెండు రంగాలలో పరస్పర విరుద్ధమైన క్రమాలను ఎందుకు సూచిస్తున్నదన్న ప్రశ్నకు సమాధానం భాషలో దొరకదు. పనిముట్ల చరిత్రలోనే దొరుకుతుంది.

ఈ ప్రశ్నకు ఆచరణలో కూడా ప్రాధాన్యం ఉంది. విద్యుత్ పేటిక లోపల ప్రాణాపాయం కలిగించే విద్యుత్తు ప్రవహిస్తుంది. దానికీ, బయట నిలబడి పనిచేసే మనిషికీ నడుమ ఉండేది ఆ రేకే. కొనుగోలు పత్రంలో ‘14 గేజి’ అని రాసి ఏ గేజియో చెప్పకపోతే, అమ్మినవారికీ కొన్నవారికీ ఆ సంఖ్య ఒకే అర్థాన్నివ్వదు. ఆ తేడాను భరించేది చివరకు పేటిక ముందు నిలిచే కార్మికుడు.

2. కమ్మచ్చు నుండి పుట్టిన సంఖ్య

గేజి సంఖ్యలు మొదట రేకు కోసం ఏర్పడినవి కావు. వాటి పుట్టుక తీగలు లాగే వృత్తిలో ఉంది. రంధ్రాలున్న ఉక్కు పలకలో లోహపు కడ్డీని దూర్చి, వరుసగా చిన్నవవుతున్న రంధ్రాల గుండా లాగితే అది సన్నని తీగ అవుతుంది. ఆ పలకకు తెలుగులో ‘కమ్మచ్చు’ అని పేరు. ‘కమ్మి’ అంటే తీగ, ‘అచ్చు’ అంటే దానికి రూపమిచ్చేది. బంగారు, వెండి పనివారికి ఇది అనాదిగా తెలిసిన పనిముట్టు. కమ్మచ్చులో ఎన్నిసార్లు లాగితే తీగ అంత సన్నబడుతుంది. సంఖ్య లాగుడు క్రమాన్ని తెలుపుతుంది కనుక పెద్ద సంఖ్య సన్నని తీగకు గుర్తయింది. సంఖ్యకూ మందానికీ మధ్య కనిపించే విలోమ సంబంధానికి మూలం ఇదే. గేజి మొదట కొలత కాదు, పని జరిగిన వరుసకు పెట్టిన లెక్క.

బ్రిటన్‌లో బర్మింగ్‌హాం, వారింగ్టన్ ప్రాంతాల పనిశాలలు ఈ సంఖ్యలను వాడుకలోకి తెచ్చాయి. వారింగ్టన్‌లో ఆకురాళ్లు తయారు చేసిన పీటర్ స్టబ్స్ పేరు మీద కూడా గేజీలు ప్రసిద్ధమయ్యాయి. అయితే ఒక పనిశాల పలకకు మరో పనిశాల పలక సరిపోయేది కాదు. అరిగిన రంధ్రాలు, అంచనాతో చేసిన నకళ్లు తేడాలను పెంచాయి. ఒకే సంఖ్యకు వేర్వేరు మందాలు వాడుకలో నిలిచాయి.

ఈ గందరగోళానికి విరుగుడుగా జోసెఫ్ విట్‌వర్త్ 1857లో ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో గేజి సంఖ్యే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కను తెలుపుతుంది. అంటే సంఖ్య పెరిగితే మందం పెరుగుతుంది. తర్కానికి నిలిచే ఈ పద్ధతి వాడుకను గెలవలేకపోయింది. అదే ఏడాది అమెరికాలో బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థ గుణశ్రేఢి ఆధారంగా మరో గేజిని రూపొందించింది. అందులో అంగుళంలో 0.46 వంతు నుండి 0.005 వంతు వరకు 39 సమాన నిష్పత్తి మెట్లున్నాయి. రాగి, అల్యూమినియం వంటి ఇనుమేతర లోహాలకు అమెరికాలో ఇదే స్థిరపడింది.

3. చట్టం చేతిలో గేజి

బ్రిటన్‌లో 1883లో వెలువడిన రాజాజ్ఞ ద్వారా ‘స్టాండర్డ్ వైర్ గేజి’ చట్టబద్ధమై 1884 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. భారతదేశంలో నేటికీ ‘ఎస్.డబ్ల్యు.జి.’ అనే పొడి అక్షరాలతో వినిపించేది ఇదే. దీని ప్రకారం 14 గేజి 0.080 అంగుళం, 16 గేజి 0.064 అంగుళం. రేకుల కోసం బ్రిటిష్ ఇనుప పరిశ్రమ విడిగా ‘బర్మింగ్‌హాం గేజి’ని పాటించింది. దానికి 1914లో చట్టబద్ధత లభించింది. తీగకు ఒకటి, రేకుకు ఒకటిగా రెండు చట్టబద్ధ గేజీలు ఒకే దేశంలో పక్కపక్కనే నడిచాయి.

అమెరికా మార్గం వేరు. 1893 మార్చి 3న అమెరికా కాంగ్రెసు ఇనుప, ఉక్కు రేకులకు ఒక జాతీయ గేజిని చట్టం చేసింది. ఆ చట్టం ఉద్దేశాలలో సుంకాలు, పన్నులు లెక్కగట్టడం ముఖ్యమైనది. అందువల్ల ఆ గేజికి ఆధారం మందం కాదు, చదరపు అడుగు రేకు బరువు. 16 గేజి రేకు చదరపు అడుగుకు 2.5 పౌన్లు, 14 గేజి రేకు 3.125 పౌన్లు. చేత ఇనుము ఘనపుటడుగుకు 480 పౌన్లన్న లెక్కతో వాటి మందాలు 0.0625, 0.0781 అంగుళాలుగా తేలాయి. కొలతలో రెండున్నర శాతం అటూ ఇటూ తేడాను చట్టమే అనుమతించింది.

ఇక్కడే ఒక చిక్కు పుట్టింది. చేత ఇనుము స్థానాన్ని ఉక్కు ఆక్రమించింది. ఉక్కు దానికంటే సుమారు రెండు శాతం బరువైనది. బరువును స్థిరంగా ఉంచితే ఉక్కు రేకు పలుచనవుతుంది. రోలింగులో రేకు నడిమి భాగం అంచులకంటే కాస్త దళసరిగా రావడం వంటి అంశాలను కూడా కలుపుకొని ఉత్పత్తిదారులు కొత్త లెక్క కట్టారు. ఆ ‘మాన్యుఫాక్చరర్స్ స్టాండర్డ్ గేజి’లో 16 గేజి 0.0598, 14 గేజి 0.0747 అంగుళాలు. సంఖ్య మారలేదు, బరువు మారలేదు, మందం మాత్రం తగ్గింది.

‘14’, ‘16’ అనే సంఖ్యలకు వివిధ పద్ధతులలో లభించే మందాలను మిల్లీమీటర్లలోకి మార్చి చూస్తే ఈ భేదం స్పష్టమవుతుంది.

బర్మింగ్‌హాం (స్టబ్స్) వైర్ గేజి: 14 – 2.11, 16 – 1.65
స్టాండర్డ్ వైర్ గేజి: 14 – 2.03, 16 – 1.63
బర్మింగ్‌హాం రేకు గేజి: 14 – 1.99, 16 – 1.59
అమెరికా 1893 చట్టపు గేజి: 14 – 1.98, 16 – 1.59
మాన్యుఫాక్చరర్స్ స్టాండర్డ్ గేజి: 14 – 1.90, 16 – 1.52
బ్రౌన్ అండ్ షార్ప్ (అమెరికన్ వైర్) గేజి: 14 – 1.63, 16 – 1.29

చివరి వరుసలోని 14 గేజి అల్యూమినియం రేకు, రెండవ వరుసలోని 16 గేజి ఉక్కు రేకుతో మందంలో సమానం. సంఖ్యను మాత్రమే చెప్పి పద్ధతిని చెప్పకపోవడం అసంపూర్ణ వాక్యమవుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు.

4. పేటిక రాక: చలువరాతి పలక నుండి ఉక్కు రేకుకు

1882లో న్యూయార్కులోని పెర్ల్ వీధిలో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆ తొలినాళ్లలో స్విచ్చులను పలకరాయి, చలువరాయి ఫలకాల మీద బహిరంగంగా బిగించేవారు. రాయి విద్యుత్తును ప్రవహింపనీయదు, నిప్పు అంటుకోదు. కానీ విద్యుత్ భాగాలు మనిషి చేతికి అందేలా ఉండేవి. చిన్న పరికరాలకు వాడిన కొయ్య పెట్టెలు నిప్పుకు ఆహుతయ్యేవి. పేటికను లోహంతో చేయాలన్న ఆలోచనను ఈ రెండు ప్రమాదాలూ కలిసి ముందుకు తెచ్చాయి.

అమెరికాలో ఈ మార్పును బీమా సంస్థలు నడిపించాయి. విలియం హెన్రీ మెరిల్ 1894లో షికాగోలో స్థాపించిన పరీక్షా సంస్థ తరువాతి కాలంలో ‘అండర్‌రైటర్స్ లేబొరేటరీస్’గా ప్రసిద్ధి చెందింది. 1897లో జాతీయ విద్యుత్ నియమావళి వెలువడింది. బ్రిటన్‌లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని హెబర్న్‌లో రేరోల్ సంస్థ, ఇంజనీరు హెన్రీ క్లోథియర్ కృషితో, 20వ శతాబ్ది తొలి దశకంలో లోహ కవచం గల స్విచ్ గేరును అభివృద్ధి చేసింది. 1908లో అక్కడి కర్మాగారాలకు విద్యుత్ నిబంధనలు వచ్చాయి. భారతదేశంలో 1910 నాటి విద్యుత్ చట్టం, తరువాత 1956 నాటి విద్యుత్ నిబంధనలు భద్రతకు చట్టరూపమిచ్చాయి.

తొలి కవచాలలో పోత ఇనుముకు ప్రాధాన్యం ఉండేది. పోత పోసిన గోడ సహజంగానే దళసరిగా ఉంటుంది కాబట్టి ‘ఎంత మందం’ అన్న ప్రశ్న అంత పదునుగా ఎదురుకాలేదు. రేకును కత్తిరించి, మడిచి, వెల్డింగు చేసి పేటికను చేసే పద్ధతి వ్యాపించిన తరువాతే అది ముఖ్యమైంది. తీగ కోసం పుట్టి, పన్ను కోసం చట్టమైన గేజి అప్పుడు ప్రాణరక్షణకు కొలబద్దగా మారింది.

అమెరికా నియమావళిలో ఈ వారసత్వపు జాడలు నేటికీ ఉన్నాయి. ఉక్కు రేకుతో చేసే క్యాబినెట్లకు పూత లేని రేకు మందం కనీసం 0.053 అంగుళం, అంటే 1.35 మిల్లీమీటర్లు ఉండాలని అది నిర్దేశిస్తుంది. ఇది 16 గేజి రేకుకు తయారీ తేడాలను మినహాయించగా మిగిలే కనీస మందం. 100 ఘనపుటంగుళాలకు మించని చిన్న పెట్టెలకు నిర్దేశించిన 0.0625 అంగుళం 1893 చట్టంలోని 16 గేజి మందంతో అక్షరాలా సరిపోతుంది.

5. మందమా, పరీక్షా?

మందం నిర్దేశంలో రెండు ఆలోచనా ధోరణులు కనిపిస్తాయి. మొదటిది నిర్మాణాన్ని నిర్దేశించేది: ఇంత వైశాల్యం గల పేటికకు ఇంత మందం ఉండాలని పట్టికలో చెబుతుంది. అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ 50వ ప్రమాణం ఈ తరహాది. అందులో లోపల ఆధార చట్రం ఉన్న పేటికకు, లేని పేటికకు వేర్వేరు మందాలుంటాయి. రెండవది పనితీరును నిర్దేశించేది: పేటిక ఏ పరీక్షను తట్టుకోవాలో చెప్పి, ఎలా తట్టుకుంటుందో తయారీదారుకే వదిలివేస్తుంది. 1906లో ఏర్పడిన అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఈ మార్గాన్ని అనుసరించింది.

ఆ సంఘం 1976లో వెలువరించిన 529వ ప్రమాణం ‘ఐ.పి.’ సంకేతాలకు ఆధారం. ఐ.పి. 54 అనే సంకేతంలో 5 దుమ్ము నుండి, 4 నలువైపులనుండి చిమ్మే నీటి నుండి రక్షణను తెలుపుతాయి. దెబ్బను తట్టుకునే శక్తికి ‘ఐ.కె.’ సంకేతాలున్నాయి. ఐ.కె. 08 అంటే 5 జౌళ్ల దెబ్బకు, ఐ.కె. 10 అంటే 20 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి. వీటిలో ఎక్కడా రేకు మందం ప్రస్తావన లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1962లో వెలువరించిన ఐ.ఎస్. 2147 కూడా తక్కువ వోల్టేజి స్విచ్ గేరు పేటికల రక్షణ స్థాయిలను వర్గీకరించిన ప్రమాణమే.

భారతీయ ఆచరణ ఈ రెండు ధోరణులను కలిపింది. సంస్థల కొనుగోలు పత్రాలు ఐ.పి. స్థాయిని అడుగుతాయి, దానితోపాటు మందాన్నీ నిర్దేశిస్తాయి. భారం మోసే భాగాలకు 2 మిల్లీమీటర్లు, తలుపులకు, అడ్డుపలకలకు 1.6 మిల్లీమీటర్లు, కేబుళ్లు దూరే గ్లాండు పలకలకు 3 మిల్లీమీటర్లు అన్న నిర్దేశం తరచుగా కనిపిస్తుంది. పరీక్షా పత్రం మీద పూర్తి నమ్మకం కుదరనిచోట చేతికి చిక్కే కొలతను కోరడం కొనుగోలుదారునికి సహజం. మందాన్ని మైక్రోమీటరుతో అరనిమిషంలో చూడవచ్చు. దుమ్ము పరీక్షకు ప్రయోగశాల కావాలి. కాబట్టి మందం నిలవడానికి కారణం సాంకేతికమైనది మాత్రమే కాదు, విశ్వాసానికి సంబంధించినది కూడా.

6. మందం చేసే పని, చేయని పని

చదునైన రేకు వంగకుండా నిలిచే గుణం దాని మందపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. 1.6 మిల్లీమీటర్ల నుండి 2 మిల్లీమీటర్లకు మారితే లోహం 25 శాతం పెరుగుతుంది, దృఢత్వం మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. ఇదే సూత్రాన్ని తిరగేసి చూస్తే గేజి సంఖ్యల తేడా ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. బ్రిటిష్ 14 గేజి స్థానంలో అమెరికా ఉత్పత్తిదారుల 14 గేజి రేకు వస్తే మందం సుమారు 7 శాతమే తగ్గుతుంది, దృఢత్వం దాదాపు 19 శాతం తగ్గుతుంది.

బరువు, ధరల లెక్క కూడా ఇందులో ఉంది. ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. 2 మీటర్ల ఎత్తు, 0.8 మీటరు వెడల్పు, 0.6 మీటరు లోతు గల పేటిక ఆరు ముఖాల వైశాల్యం 6.56 చదరపు మీటర్లు. మడతలను వదిలిపెడితే 2 మిల్లీమీటర్ల రేకుతో అది 103 కిలోలు, 1.6 మిల్లీమీటర్ల రేకుతో 82.4 కిలోలు అవుతుంది. ఒక్క పేటికకు 20 కిలోలకు పైగా తేడా వచ్చేచోట అస్పష్టమైన సంఖ్య ఎవరికి లాభమో వివరించనక్కరలేదు.

అయినా దృఢత్వానికి మందం ఒక్కటే దారి కాదు. అంచులను మడవడం, తలుపు వెనుక బలపు పట్టీలు అతకడం, లోపల చట్రం నిలపడం ద్వారా పలుచని రేకు కూడా గట్టిపడుతుంది. మీటర్ల కోసం తలుపుకు పెద్ద రంధ్రాలు చేస్తే దళసరి రేకు కూడా బలహీనపడుతుంది. మరలు బిగించేచోట మందానికి నేరుగా ప్రాధాన్యం ఉంది. 6 మిల్లీమీటర్ల మరకు చుట్టుకు ఒక మిల్లీమీటరు చొప్పున 1.6 మిల్లీమీటర్ల రేకులో ఒకటిన్నర చుట్టు మాత్రమే పట్టు దొరుకుతుంది. అందుకే అటువంటిచోట విడిగా నట్టును వెల్డింగు చేస్తారు.

మందం చేయని పనులు కూడా ఉన్నాయి. పేటిక లోపలి వేడి బయటకు పోవడంలో అడ్డంకి రేకు మందం కాదు, దానికి ఇరువైపులా ఉండే గాలి పొర. కనుక వేడిని తగ్గించేది ఉపరితల వైశాల్యం, గాలి రాకపోకలు. తీరప్రాంతపు ఉప్పుగాలిలో తుప్పును మందం ఆలస్యం చేయగలదేగాని ఆపలేదు. ఆ పని జింకు పూత, రంగు, స్టెయిన్‌లెస్ ఉక్కు చేయాలి. విడి కేబుళ్లు దూరే గ్లాండు పలక ఉక్కుదైతే ప్రేరిత విద్యుత్తు వల్ల అది వేడెక్కుతుంది. అక్కడ మందం పెంచడం వృథా, లోహాన్నే మార్చి అల్యూమినియం వంటిది వాడాలి. ‘దళసరి అంటే భద్రం’ అనే లోకజ్ఞానానికి ఇవి హద్దులు.

7. మిల్లీమీటరు వచ్చినా పోని మాట

భారతదేశంలో 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం మెట్రిక్ పద్ధతికి మార్గం వేసింది. 1958 అక్టోబరు నుండి అది దశలవారీగా అమలైంది. గేజికి ఉండవలసిన చట్టబద్ధ ఆధారం దానితో తొలగిపోయింది. మిల్లీమీటరు చెప్పినప్పుడు మందమే నేరుగా తెలుస్తుంది, ఏ పద్ధతి అని అడగవలసిన పని లేదు. 1857లో విట్‌వర్త్ కోరినది దాదాపు వందేళ్ల తరువాత మరో ప్రమాణంలో నెరవేరింది.

1.6, 2.0 అనే సంఖ్యలను మెట్రిక్ ప్రమాణాలు ఎంచుకోవడంలోనూ ఒక చరిత్ర ఉంది. ఫ్రెంచి సైనిక ఇంజనీరు షార్ల్ రెనార్ 19వ శతాబ్దిలో బెలూను తాళ్ల పరిమాణాల రకాలను తగ్గించడానికి గుణశ్రేఢి ఆధారంగా కొన్ని సంఖ్యలను ఎంచుకున్నాడు. ఆ శ్రేణిలో 1.0, 1.25, 1.6, 2.0, 2.5 వరుసగా వస్తాయి. యాదృచ్ఛికంగా 16 ఎస్.డబ్ల్యు.జి. 1.63, 14 ఎస్.డబ్ల్యు.జి. 2.03 మిల్లీమీటర్లు కావడంతో పాత సంఖ్యలు కొత్త కొలతల పక్కన సులువుగా ఒదిగిపోయాయి. పనిశాలలో ‘పద్నాలుగు గేజి’ అన్నా ‘రెండు ఎం.ఎం.’ అన్నా ఒకే రేకు చేతికి వస్తుంది. పాత మాట బతకడానికి ఈ సామీప్యమే కారణం కావచ్చు. 18 గేజి 1.22 మిల్లీమీటర్లు కనుక బజారులో అది 1.2 గానే చలామణి అవుతున్నది, శ్రేణిలోని 1.25గా కాదు. అంటే అక్కడ పాత గేజియే కొత్త కొలతను శాసించింది.

భాషా దృష్టితో చూస్తే ఇది గమనించదగిన పరిణామం. తెలుగులో ‘మందం’, ‘దళసరి’, ‘పలుచన’ అనే మాటలు గుణాన్ని తెలుపుతాయి. ‘గేజి’ గుణాన్ని కాక వరుసను తెలుపుతుంది. అందువల్ల దాన్ని ‘మందం’ అని అనువదించడం పారిభాషికంగా దోషం. ‘మందం సంఖ్య’ అన్నా విలోమ సంబంధం మరుగున పడుతుంది. ఆ వరుసను పుట్టించిన పనిముట్టుకు ‘కమ్మచ్చు’ అనే పేరు తెలుగులో ఉన్నా, సంఖ్యల వ్యవస్థ మాత్రం దిగుమతి అయిన రేకుతోపాటు వచ్చింది. పనిముట్టు తెలిసిన భాషకు దాని లెక్క పరాయిదయింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్థిరపడుతున్నాయి. గేజి సంఖ్య తీగ లాగే వృత్తిలో పనివరుసగా పుట్టి, పన్నుల చట్టంలో బరువుగా మారి, విద్యుత్ నియమావళిలో భద్రతకు హద్దుగా నిలిచింది. ఒక్కొక్క దశలో దాని అర్థం మారినా రూపం మారలేదు. అందుకే అది కొనేవారికీ అమ్మేవారికీ మధ్య అపార్థాలకు తావిచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాలు మందం నుండి పరీక్షకు మళ్లినా, పరీక్షను సరిచూసే అవకాశం తక్కువైనచోట మందమే నమ్మకానికి ఆధారంగా మిగిలింది.

విద్యుత్ పేటికకు రేకును ఎంచుకునేటప్పుడు మిల్లీమీటర్లలో మందం, అనుమతించే తేడా, లోహం, పూత, చట్రం, ఐ.పి., ఐ.కె. స్థాయిలు అన్నీ కలిపి రాసినప్పుడే నిర్దేశం సంపూర్ణమవుతుంది. తెలుగులో సాంకేతిక పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు రూపొందించేవారు ‘గేజి’ని యథాతథంగా స్వీకరించి, దాని పక్కన పద్ధతి పేరును, మిల్లీమీటరు విలువను తప్పనిసరిగా చేర్చడం సముచితం. పనిశాలలోని మాటను తోసిపుచ్చక దాని అస్పష్టతను తొలగించే మార్గమది. ఒక పదానికి నిర్వచనం రాయడం ఈ సందర్భంలో నిఘంటుకారుని పని మాత్రమే కాదు, పేటిక తలుపు తెరిచే మనిషి క్షేమానికి సంబంధించిన పని కూడా.